సెల్ఫ్ డ్రైవింగ్ వాహనాలను మనుషుల అవసరాల ప్రకారం వర్గీకరించడం ఎలా: బెంగళూరు రోడ్ల నుంచి ఒక సమగ్ర మార్గదర్శి

సెల్ఫ్ డ్రైవింగ్ వాహనాల గురించి బెంగళూరు ఆఫీసుల్లో ఎక్కడ మాట మొదలైనా ముందు వచ్చే ప్రశ్న ఒకటే: "అది ఏ లెవెల్?" లెవెల్ టూ, లెవెల్ త్రీ అనే మాటలు ఇప్పుడు కార్ల షోరూముల్లో కూడా వినిపిస్తున్నాయి. అమెరికాకు చెందిన ఎస్‌ఏఈ అనే ఇంజనీర్ల సంస్థ 2014లో జే3016 అనే ప్రమాణంగా తెచ్చిన ఈ మెట్లు సున్నా (అంతా మనిషే నడపాలి) నుంచి ఐదు (అంతా యంత్రమే నడుపుతుంది) దాకా ఉంటాయి. స్టీరింగ్, బ్రేకు ఎవరి చేతిలో ఉన్నాయి, రోడ్డును ఎవరు గమనిస్తున్నారు, యంత్రానికి చేతకానప్పుడు ఎవరు అందుకోవాలి అన్నవి అందులో చక్కగా విడదీసి ఉంటాయి. ఇంజనీర్లకు అది ఎంతో పనికొచ్చింది. అయితే ఆ మెట్లన్నీ యంత్రం వైపు నిలబడి గీసినవి. మారతహళ్ళి బ్రిడ్జి కింద రోడ్డు దాటే మనిషికి ఎదురుగా వచ్చేది లెవెల్ ఫోర్ బండి అని తెలిస్తే ఒరిగేది ఏమీ లేదు. అది తనను చూసిందా, ఆగుతుందా అన్నదే ఆ మనిషికి కావాలి.

రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 44.5 శాతం టూవీలర్ల మీద వెళ్ళేవాళ్ళు, 19.5 శాతం నడిచి వెళ్ళేవాళ్ళు. రెండూ కలిపితే దాదాపు మూడింట రెండు వంతులు. వాళ్ళెవరూ ఆ క్షణంలో కారు లోపల లేరు. అలాంటి దేశంలో కారు లోపల ఉన్నవాళ్ళను మాత్రమే లెక్కలోకి తీసుకుని డిజైన్లను వర్గీకరిస్తే ఆ వర్గీకరణతో మనం తీసుకునే నిర్ణయాలు తప్పుతాయి.

ఇక్కడి ఆటోమోటివ్ ఆర్ అండ్ డీ సెంటర్లలో పనిచేస్తున్నవాళ్ళు, ఇంజనీరింగ్ చివరి ఏడాది ప్రాజెక్టు చేస్తున్నవాళ్ళు, కంపెనీ రవాణా చూసే ఫెసిలిటీ మేనేజర్లు ఎవరైనా వాడుకోగలిగేలా పద్ధతిని వరుసగా రాస్తున్నాను. దీని మొత్తానికీ ఇరుసు ఒక్క ప్రశ్న: వాహనం చేతులెత్తేసిన క్షణాన భారం ఎవరి మీద పడుతుంది?

1. ఏ నిర్ణయం కోసం వర్గీకరిస్తున్నారో ఒక్క వాక్యంలో రాయండి

ఇది చిన్న పని, కానీ దీన్ని దాటేస్తే తర్వాత పడే శ్రమంతా గాలికి పోతుంది. "మెట్రో స్టేషన్ నుంచి మా క్యాంపస్‌కు ఏ రకం షటిల్ పెట్టాలి" అనేది ఒక నిర్ణయం. "ఏ రకం వాహనాలకు ముందుగా ట్రయల్ అనుమతి ఇవ్వచ్చు" అనేది ఇంకొకటి. "ఏ డిజైన్‌కు ఎంత బీమా ప్రీమియం" అనేది మూడోది. ఒక్కోదానికి ఒక్కో వర్గీకరణ వస్తుంది. అన్నిటికీ పనికొచ్చే ఒకే పట్టిక తయారు చేయాలని కూర్చుంటే అది ఎవరికీ అక్కరకు రాదు. వాక్యం రాశాక పేజీ పైన పెట్టుకోండి. మధ్యలో టీమ్‌లో వాదన వచ్చినప్పుడల్లా దానివైపే చూడాల్సి ఉంటుంది.

2. వర్గీకరించేది వాహనాన్ని ఒక్కదాన్నే కాదు

చాలామంది మోడల్ పేర్లు తీసుకుని వర్గాల్లో వేస్తారు. మోడల్ ఒక్కటే యూనిట్‌గా సరిపోదు. మూడు విషయాలు కలిపి ఒక యూనిట్ అనుకోండి: వాహనం, అది నడిచే హద్దు, దాని వెనక ఉన్న మనుషుల ఏర్పాటు.

నడిచే హద్దును ఈ రంగంలో ఓడీడీ అంటారు. ఏ రకం రోడ్డు, ఎంత వేగం, ఏ వాతావరణం, పగలా రాత్రా అన్నవన్నీ అందులోకి వస్తాయి. దీని విలువ తెలియాలంటే ఐక్యరాజ్యసమితి నియంత్రణ 157 చూడండి. హైవే మీద కారు తనంతట తాను లేన్‌లో వెళ్ళడానికి అంతర్జాతీయంగా వచ్చిన మొదటి నిబంధన అదే. 2021 జనవరిలో అమల్లోకి వచ్చినప్పుడు గంటకు 60 కిలోమీటర్ల వేగం వరకే ఒప్పుకుంది, తర్వాత 2023లో దాన్ని 130కి పెంచారు. ఎలాంటి రోడ్లలో వాడాలో కూడా అది మొదట్లోనే చెప్పింది: నడిచేవాళ్ళకు, సైకిళ్ళకు ప్రవేశం లేని రోడ్లు, ఎదురెదురు వాహనాల మధ్య అడ్డు ఉన్న రోడ్లు. అంటే ఆ డిజైన్ భద్రతలో కొంత భాగం యంత్రం వల్ల వచ్చింది, కొంత భాగం మనుషులను రోడ్డు మీద లేకుండా చేయడం వల్ల వచ్చింది.

ఇప్పుడు మన చుట్టూ చూడండి. బెంగళూరు-మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే ప్రధాన రోడ్డు మీద 2023 ఆగస్టు 1 నుంచి టూవీలర్లను, ఆటోలను, ట్రాక్టర్లను నిషేధించారు. అక్కడ నడిచే వాహనం ఒక యూనిట్. అదే వాహనం దిగి సర్వీసు రోడ్డులోకి వస్తే అది వేరే యూనిట్, దాని వివరాలు రాసుకునే కార్డు కూడా వేరేగా ఉండాలి. కళాసిపాళ్యం బస్టాండు చుట్టుపక్కల సందుల్లో అదే బండిని ఊహించుకోండి, హార్డ్‌వేర్ ఒక్కటే అయినా పోలికే ఉండదు.

వాతావరణం కూడా అంతే. 2022 సెప్టెంబర్‌లో అవుటర్ రింగ్ రోడ్డు, బెళ్ళందూరు ప్రాంతాలు మునిగినప్పుడు ఐటీ ఉద్యోగులు ట్రాక్టర్ల మీద ఆఫీసులకు వెళ్ళారు. "వర్షంలో పనిచేస్తుంది" అన్న ఒక్క మాట ఓడీడీకి చాలదు. లేన్ గీతలు కనపడకుండా నీళ్ళు నిలిస్తే ఏం చేస్తుంది, గుంత ఎంత లోతుందో తెలియనప్పుడు ఏం చేస్తుంది అని రాయించుకోండి.

3. మనుషుల జాబితా: రోడ్డు పక్కన నిలబడి తయారు చేయండి

స్టేక్‌హోల్డర్ల జాబితా, అంటే ఈ బండి వల్ల మేలో కీడో జరిగే పక్షాల జాబితా, మీటింగ్ రూములో రాస్తే ఎప్పుడూ ఒకేలా వస్తుంది: ప్రయాణికుడు, తయారీదారు, ప్రభుత్వం, బీమా కంపెనీ. ఇది తప్పు కాదు, సగమే. మిగతా సగం కావాలంటే మీరు పరిశీలిస్తున్న రోడ్డులో ఒక కిలోమీటరు ఎంచుకుని తెల్లవారుజామున, మధ్యాహ్నం, రాత్రి వేర్వేరు వేళల్లో నడవండి. ప్రతి మనిషి దగ్గరా "ఈ బండి తప్పు చేస్తే ఈ మనిషికి ఏమవుతుంది, ఈ మనిషికి అందులో మాట చెల్లుతుందా" అని రాసుకోండి.

తెల్లవారకముందే రోడ్డు ఊడ్చే పౌరకార్మికులు కనిపిస్తారు. ఎక్కువసేపు వంగి పనిచేస్తారు. వంగిన మనిషి ఆకారం నిలబడ్డ మనిషి ఆకారంలా ఉండదు, మసక వెలుతురులో ఇంకా కష్టం. ఉదయం ఇడ్లీ బండి ఫుట్‌పాత్ అంచున ఉంటుంది, తినేవాళ్ళు రోడ్డు మీదే నిలబడతారు. స్కూలు పిల్లలు ఆటోలో అంచుకు కూర్చుని కాళ్ళు బయటకు పెడతారు. డెలివరీ కుర్రాళ్ళు ఎదురు దిశలో వస్తారు. ట్రాఫిక్ పోలీసు సిగ్నల్ ఎర్రగా ఉన్నా చెయ్యి ఊపి పొమ్మంటాడు. కంటి చూపు లేనివాళ్ళు ఇంజను శబ్దం విని రోడ్డు దాటతారు, ఎలక్ట్రిక్ బండి మెల్లగా వస్తే వాళ్ళకు వినపడదు. ఆ శబ్దం గురించి ఐక్యరాజ్యసమితి నియంత్రణ 138 ప్రత్యేకంగా ఉంది, గంటకు 20 కిలోమీటర్ల లోపు వేగంలో ఎలక్ట్రిక్ వాహనం వినపడే శబ్దం చేయాలని.

ఇక కనపడని మనుషులు. దూరంగా తెర ముందు కూర్చుని, ఇరుక్కుపోయిన బండికి దారి చూపించే రిమోట్ ఆపరేటర్. ట్రయల్ బండిలో కూర్చునే సేఫ్టీ డ్రైవర్. కెమెరాలకు చిక్కే దారినపోయేవాళ్ళు, వాళ్ళు ఏ యాప్‌లోనూ "ఒప్పుకుంటున్నాను" అని నొక్కలేదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం దృష్ట్యా వాళ్ళ పేరుతో ఒక వరుస తప్పకుండా ఉండాలి.

డ్రైవర్ల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. బెంగళూరులో క్యాబులు, ఆటోలు నడిపేవాళ్ళలో అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు చాలామంది. సెల్ఫ్ డ్రైవింగ్ అనగానే వాళ్ళ ఇళ్ళలో పుట్టే టెన్షన్ నిజమైనది. కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ 2017లోనూ, మళ్ళీ 2023 డిసెంబర్‌లోనూ డ్రైవర్ల ఉపాధి పోతుందన్న కారణంతోనే డ్రైవర్ లేని కార్లను దేశంలోకి రానివ్వనని బహిరంగంగా చెప్పారు. ఆ మాటతో ఏకీభవించినా, ఏకీభవించకపోయినా మీ జాబితాలో డ్రైవర్ "పాత వ్యవస్థ"గా మిగలకూడదు. అతను సొంత అవసరాలున్న ఒక పక్షం.

జాబితా పెద్దదైపోతే ఎవరిని ముందు పెట్టాలి? మిచెల్, అగల్, వుడ్ అనే పరిశోధకులు 1997లో మూడు గీటురాళ్ళు చెప్పారు: ఆ పక్షానికి బలం ఉందా, దాని మాటలో న్యాయం ఉందా, దాని అవసరం తొందరదా. వీటిని వాడండి, కానీ ఒక జాగ్రత్తతో. కంపెనీలు సహజంగా బలం ఉన్నవాళ్ళ వైపు మొగ్గుతాయి. పౌరకార్మికురాలికి బలం తక్కువ, న్యాయం, తొందర రెండూ ఎక్కువ. ఆమె మీద జరిగే తప్పును తర్వాత సరిదిద్దే వీలు లేదు. అందుకని నేను "తప్పు జరిగితే వెనక్కి తిప్పగలమా" అన్న నాలుగో గీటురాయి కలుపుతాను. తిప్పలేనివన్నీ పైకి వస్తాయి.

4. మాటలను అవసరాలుగా మార్చండి

"సెల్ఫ్ డ్రైవింగ్ కారు వస్తే మీకేం కావాలి?" అని అడిగితే ఎవరూ పనికొచ్చే జవాబు చెప్పలేరు, ఆ బండి వాళ్ళ అనుభవంలో లేదు కాబట్టి. ఇప్పటి రోడ్డు గురించి అడగండి. "అన్నా, ఈ జంక్షన్‌లో ఏ బండికి దారిస్తారు, ఏ బండికి ఇవ్వరు?" అని ఆటో అన్నను అడిగితే మీకు తెలియని రూల్సన్నీ బయటికొస్తాయి. "అక్కా, ఆ బస్సు ఆగుతుందని మీకెలా తెలిసింది?" అని రోడ్డు దాటిన ఆవిడను అడగండి. డ్రైవర్ మొహం చూశానని, బండి ముందుభాగం కిందికి వంగిందని, పక్కవాళ్ళు కదిలారని, ఇలాంటి జవాబులు వస్తాయి. ఇక్కడ కన్నడం, తెలుగు, తమిళం, హిందీ కలిసిపోయి ఉంటాయి, ఎవరి భాషలో వాళ్ళను మాట్లాడనివ్వండి.

తర్వాత ప్రతి మాటనూ పరీక్షించగల వాక్యంగా మార్చాలి. "మొహం చూస్తాను" అన్నది "నేను దాటడం మొదలుపెట్టేలోపే, వాహనం నన్ను గుర్తించి ఆగుతోందని నాకు తెలియాలి" అనే అవసరం అవుతుంది. అది ముందే మెల్లగా బ్రేకు వేయడం వల్ల తీరుతుందా, లైటు వల్లా, శబ్దం వల్లా అనేది డిజైన్ చూసుకుంటుంది. అవసరం రాసే చోట పరిష్కారం రాయకండి. "బండి ముందు ఎల్‌ఈడీ తెర ఉండాలి" అని రాసేస్తే చదవడం రానివాళ్ళు, చూపు లేనివాళ్ళు వెంటనే జారిపోతారు.

ఒక్కో అవసరానికి ఒక కార్డు చాలు. ఎవరిది, ఏ సందర్భంలో, ఏం కావాలి, తీరకపోతే ఏమవుతుంది, తీరిందని ఎలా తెలుస్తుంది. ఐదు వరుసలు.

5. అసలు పని: చేతులెత్తేసినప్పుడు భారం ఎవరిది

ఈ మెట్టు దగ్గర తొందరపడకండి. ప్రతి యూనిట్‌నూ తీసుకుని "ఇది ఇక నా వల్ల కాదు అనుకున్న క్షణం" ఊహించండి. సెన్సర్ మీద బురద పడింది. నెట్‌వర్క్ పోయింది. పోలీసు చెయ్యి అర్థం కాలేదు. ఊరేగింపు ఎదురైంది. అప్పుడు ఎవరు అందుకుంటారో దాన్నిబట్టి ఐదు వర్గాలు వస్తాయి.

*సీటు వర్గం.* లోపల కూర్చున్న మనిషి అందుకోవాలి. ఇప్పుడు మన మార్కెట్లో ఏడాస్ (డ్రైవర్‌కు సాయం చేసే వ్యవస్థ) పేరుతో అమ్ముతున్న కార్లన్నీ ఇక్కడికే వస్తాయి. లెవెల్ త్రీ కూడా ఇక్కడికే వస్తుంది, కాకపోతే అందులో తన హద్దులో బండే నడుపుకుంటుంది, మనిషిని కొన్ని సెకన్ల ముందు పిలుస్తుంది.

*తెర వర్గం.* దూరంగా ఉన్న ఆపరేటర్ అందుకుంటాడు. జర్మనీ 2021లో తెచ్చిన అటానమస్ డ్రైవింగ్ చట్టం ఇలాంటి సాంకేతిక పర్యవేక్షకుడు ఉండి తీరాలని చెప్పింది.

*స్వయం వర్గం.* వాహనమే తనంతట తాను సురక్షితమైన చోటికి వెళ్ళి ఆగుతుంది. ఆగడమంటే ఉన్నచోటే నిలిచిపోవడం కాదు, రోడ్డు పక్కకు చేరడం.

*దారి వర్గం.* దారి కట్టిన తీరే కాపాడుతుంది. కంచె, పట్టాలు, గేటు. ఢిల్లీ మెట్రో మెజెంటా లైన్‌లో 2020 డిసెంబర్‌లో డ్రైవర్ లేని రైళ్ళు మొదలవగలిగాయంటే కారణం అక్కడ ఎదురొచ్చేవాళ్ళు లేకపోవడమే. ఫ్యాక్టరీ ఆవరణల్లో నడిచే బండ్లు కూడా ఇవే.

*రోడ్డు వర్గం.* ఎవరూ అందుకోరు, వాహనం లేన్ మధ్యలో ఆగిపోతుంది, చుట్టూ ఉన్నవాళ్ళు ఆ భారం మోస్తారు. తమ డిజైన్ ఇందులో ఉందని ఏ బ్రోషరూ రాయదు. కానీ శాన్‌ఫ్రాన్సిస్కోలో 2023లో డ్రైవర్ లేని టాక్సీలు ఆగిపోయి తమ బండ్లకు అడ్డం వస్తున్నాయని అగ్నిమాపక శాఖ పదేపదే ఫిర్యాదు చేసింది. సిల్క్ బోర్డు జంక్షన్‌లో సాయంత్రం ఆరింటికి ఒక లేన్‌లో ఒక బండి ఆగితే ఏమవుతుందో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. వెనక అంబులెన్స్ ఉంటే ఆ రోగి కూడా మీ స్టేక్‌హోల్డరే.

కంపెనీ తాను ఏ వర్గమని చెప్పుకుంటుందో ఒక వరుసలో, నిజంగా జరిగేదేమిటో ఇంకో వరుసలో రాయండి. ఆ రెండూ ఎక్కడ తేడా వస్తాయో అక్కడే ప్రమాదం దాగి ఉంటుంది. 2018 మార్చి 18న అరిజోనాలోని టెంపీలో ఉబర్ ట్రయల్ కారు సైకిల్ తోసుకుంటూ రోడ్డు దాటుతున్న మహిళను ఢీకొని ఆమె మరణానికి కారణమైంది. అమెరికా రవాణా భద్రతా బోర్డు దర్యాప్తు ప్రకారం ఢీకొనడానికి 5.6 సెకన్ల ముందే సెన్సర్లు ఆమెను పట్టుకున్నాయి. కానీ సాఫ్ట్‌వేర్ ఆమెను ఒకసారి వాహనమని, ఒకసారి ఇంకేదో వస్తువని, ఒకసారి సైకిలని మార్చి మార్చి అనుకుంది. మారిన ప్రతిసారీ ఆమె అంతకుముందు ఎటు కదిలిందన్న సమాచారాన్ని పక్కన పడేసింది. క్రాసింగ్ లేని చోట మనిషి రోడ్డు దాటే అవకాశాన్ని ఆ డిజైన్ లెక్కలోకే తీసుకోలేదు. కాగితం మీద అది సీటు వర్గం, లోపల సేఫ్టీ డ్రైవర్ ఉన్నారు. కంపెనీ మీద క్రిమినల్ కేసు పెట్టలేమని ప్రాసిక్యూటర్లు 2019లో తేల్చారు. ఆ సేఫ్టీ డ్రైవర్ 2023లో నేరం ఒప్పుకుని మూడేళ్ళ ప్రొబేషన్ శిక్ష పొందారు. భారం మొదట రోడ్డు దాటుతున్న మనిషి మీద, తర్వాత జీతానికి కూర్చున్న మనిషి మీద పడింది.

బ్రిటన్ 2024లో చేసిన ఆటోమేటెడ్ వెహికల్స్ చట్టం ఈ దారిలోనే నడిచింది. లోపల బాధ్యత తీసుకునే మనిషి ఉన్న ప్రయాణాలు, లేని ప్రయాణాలు అని విడదీసి, సెల్ఫ్ డ్రైవింగ్ అని అనుమతి పొందిన వాహనం ఎలా నడుస్తుందో దానికి జవాబు చెప్పాల్సిన సంస్థ ఒకటి ఉండాలంది. మన దగ్గర 1988 మోటారు వాహనాల చట్టం ప్రతి వాహనానికీ లైసెన్సు ఉన్న మనిషి ఉంటాడనే ఊహ మీద నిలబడింది. సెక్షన్ 146 ప్రకారం థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. 2019 సవరణ తర్వాత సెక్షన్ 164 కింద ఎవరి తప్పన్నది నిరూపించకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షల పరిహారం యజమాని లేదా బీమా కంపెనీ ఇవ్వాలి. అంటే సాఫ్ట్‌వేర్ తప్పు చేసినా బాధితుడి ముందు నిలబడేది మొదట యజమానే. ఈ విషయం ఫ్లీట్, అంటే ఒక గుంపుగా బండ్లు కొనేవాళ్ళ కార్డులో పెద్ద అక్షరాలతో ఉండాలి. అదే సవరణలో వచ్చిన సెక్షన్ 2బి పరిశోధన కోసం కొన్ని వాహనాలకు మినహాయింపు ఇచ్చే అధికారం కేంద్రానికి ఇచ్చింది, ట్రయల్ ఆలోచన ఉన్నవాళ్ళు దాన్ని చదువుకోవాలి.

6. మిగతా కొలతలు

వేగం, బరువు. యజమాని ఎవరు. మ్యాపు మీద, నెట్‌వర్క్ మీద ఎంత ఆధారం. వీల్‌చెయిర్ ఎక్కుతుందా. ఏ భాషలో మాట్లాడుతుంది. ఏ డేటా ఎంతకాలం ఉంచుకుంటుంది. ఇవన్నీ ఐదు వర్గాల లోపల ఉపవర్గాలుగా వస్తాయి. మీ మొదటి వాక్యంలోని నిర్ణయాన్ని మార్చగలిగే మూడు నాలుగు కొలతలే ఉంచుకుని మిగతావి తీసేయండి.

ఒక్క కొలత మీద మాత్రం నాకు పట్టుదల ఉంది: యంత్రం ఏ రోడ్లను చూసి నేర్చుకుంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు హైదరాబాద్, బెంగళూరు, వాటి శివార్లలో తీసిన 10,000 చిత్రాలతో ఇండియా డ్రైవింగ్ డేటాసెట్ తయారు చేశారు. అందులో 34 రకాల వస్తువుల గుర్తింపులున్నాయి. ఆటోరిక్షాకు సొంత వర్గం ఉంది. రోడ్డు అంచున ఉండే, బండి అవసరమైతే దిగగలిగే మట్టి నేలకూ ఒక గుర్తింపు ఉంది. యూరప్ రోడ్ల చిత్రాలతో మాత్రమే నేర్చుకున్న యంత్రానికి ఆ రెండూ తెలియవు. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్ తిహాన్ కేంద్రంలో 2022 నుంచి ఇలాంటి వాహనాల పరీక్షకు ప్రత్యేక స్థలం నడుస్తోంది. మీ యూనిట్ కార్డులో "ఎక్కడ నేర్చుకుంది, ఎక్కడ పరీక్ష రాసింది" అన్న వరుస పెట్టండి.

7. అన్నిటికీ మార్కులు వేసి కూడకండి

ఎక్సెల్‌లో బరువులు పెట్టి, మార్కులు గుణించి, మొత్తం తీస్తే శాస్త్రీయంగా కనిపిస్తుంది. కానీ ఆ కూడికలో పాదచారి భద్రతలో తగ్గిన మార్కులను ఏసీ చల్లదనం భర్తీ చేసేస్తుంది. అందుకే అవసరాలను ముందు రెండు కుప్పలు చేయండి. ఒకటి గేటు అవసరాలు. వాటిలో ఒక్కటి తప్పినా ఆ డిజైన్ ఆ పనికి పక్కకు పోతుంది. మూడో మెట్టులో వెనక్కి తిప్పలేనివని గుర్తించినవన్నీ ఇక్కడికే వస్తాయి. రెండోది మార్కుల అవసరాలు, గేటు దాటిన డిజైన్ల మధ్య పోలికకు. గేటు కుప్పలో ఏది ఉండాలన్నది ఆ భారం మోసే పక్షం లేని చోట తేల్చకండి.

8. ఒక ఉదాహరణ పూర్తిగా చేసి చూద్దాం

బెంగళూరు మెట్రో ఎల్లో లైన్ 2025 ఆగస్టులో మొదలయ్యాక ఎలక్ట్రానిక్ సిటీ దాకా మెట్రో వచ్చింది. స్టేషన్ దిగి ఆఫీసు గేటు చేరే చివరి రెండు మూడు కిలోమీటర్లే మిగిలింది. నిర్ణయం: ఆ ముక్కకు ఏ రకం వాహనం?

మూడు యూనిట్లు తీసుకుందాం. క: స్టీరింగ్ లేని ఎనిమిది సీట్ల షటిల్, 20 కిలోమీటర్ల వేగం, ఒకే రూటు, రిమోట్ సహాయం. ఖ: డ్రైవర్ ఉన్న మినీబస్సు, ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేకు ఉంది. గ: యాప్‌లో పిలిస్తే వచ్చే డ్రైవర్ లేని నాలుగు సీట్ల కారు, 50 కిలోమీటర్ల వేగం.

క గురించి అందరూ "మెల్లగా పోతుంది కాబట్టి సేఫ్" అంటారు. తగిలితే దెబ్బ తక్కువన్నది నిజం. కానీ సర్వీసు రోడ్డులో అది ఆగితే దాటుకుపోయే జాగా లేదు. రిమోట్ ఆపరేటర్ స్పందించే లోపు వెనక వరుస కడుతుంది, టూవీలర్లు ఫుట్‌పాత్ ఎక్కుతాయి, అప్పుడు ప్రమాదం నడిచేవాళ్ళది. కంపెనీ దాన్ని తెర వర్గం అంటుంది, రోడ్డు మీద అది రోడ్డు వర్గం. అదే షటిల్ క్యాంపస్ గేటు దాటి లోపలికి వస్తే దారి వర్గంలోకి మారిపోతుంది, దాదాపు అన్ని గేటు అవసరాలూ తీరుస్తుంది. ఒకే బండికి రెండు కార్డులు రాయడం వల్లే ఇది బయటపడింది.

గ దగ్గర రాత్రి షిఫ్టు మహిళల అవసరం ముందుకొస్తుంది. రాత్రి పనిచేసే మహిళలకు రవాణా, భద్రత ఏర్పాటు చేయాలని కర్ణాటక నిబంధనలు యాజమాన్యాలను అడుగుతాయి. డ్రైవర్ లేకపోవడం కొందరికి ధైర్యం, ఒంటరిగా వెళ్ళేటప్పుడు ముక్కూముఖం తెలియని మనిషి ఉండడు. అదే కారులో తెలియని ఇంకో ప్రయాణికుడు ఎక్కితే మూడో మనిషి లేకపోవడం భయం. ఇది ఒకే అవసరం కాదు, రెండు కార్డులు కావాలి: ఒంటరి ప్రయాణం, పంచుకున్న ప్రయాణం. వీల్‌చెయిర్‌లో వచ్చే ఉద్యోగికి గ పనికిరాదు, ర్యాంపు దానంతటదే తెరుచుకుంటే తప్ప. ఇప్పుడా పని డ్రైవర్ దిగి చేస్తున్నాడు, జీతం స్లిప్పులో కనపడకపోయినా అది అతని పనిలో భాగమే. డ్రైవర్‌ను తీసేసే ప్రతి డిజైన్‌కూ ఇలా అతను చేసే చిల్లర పనులన్నీ జాబితా రాయండి: దారి అడగడం, పడిపోయిన మనిషిని పట్టుకోవడం, పోలీసుతో మాట్లాడడం, మర్చిపోయిన ఫోను తిరిగివ్వడం.

ఖ పాతగా కనిపిస్తుంది. కానీ సీటు వర్గానికి చెందిన ఈ బస్సులో డ్రైవర్ చెయ్యి ఎప్పుడూ స్టీరింగ్ మీదే ఉంటుంది, వందలో ఒకసారి మేల్కొని అందుకోవాల్సిన అవసరం లేదు. స్టేషన్ దగ్గర నడిపేవాళ్ళకు పని ఉంటుంది. పోలీసు చెయ్యి అర్థమవుతుంది. తగ్గేది రాత్రి పూట ఎన్ని ట్రిప్పులు వేయగలమన్న దగ్గర, డ్రైవర్ అలసట దగ్గర. గేటు అవసరాలు ముందు పెడితే నా లెక్కలో బయటి రోడ్డుకు ఖ, క్యాంపస్ గేటు లోపల క వస్తాయి. ప్రత్యేక లేన్ కడితే క బయటికి కూడా రావచ్చు. అప్పుడు డిజైన్‌తోపాటు రోడ్డు కట్టే శాఖ కూడా నిర్ణయంలో భాగమవుతుంది.

9. వర్గీకరణను పరీక్షించండి

మీరు తయారు చేసిన నియమాలను ఈ పనిలో లేని ఇద్దరికి ఇచ్చి, అవే యూనిట్లను విడివిడిగా వర్గాల్లో వేయమనండి. ఇద్దరి జవాబులు ఎంత కలిశాయో కోహెన్ కప్పా లెక్కతో కొలవచ్చు, అది యాదృచ్ఛికంగా కలిసిన వాటిని తీసేసి చూపిస్తుంది. కలవని చోట మనుషులను తప్పుపట్టకుండా నియమాన్ని తిరగరాయండి. తర్వాత ఇప్పటిదాకా ఎవరూ అనుకోని డిజైన్ ఒకటి ఇవ్వండి, ఫుట్‌పాత్ మీద పార్సిల్ తెచ్చే చిన్న రోబో లాంటిది. అది ఏ వర్గంలోనూ ఇమడకపోతే మీ ప్రశ్నలు ఇంకా కార్ల చుట్టూనే తిరుగుతున్నాయని అర్థం. మీరు మాట్లాడిన ఆటో అన్నకు, పౌరకార్మికురాలికి వాళ్ళ కార్డులు చదివి వినిపించి, వాళ్ళు దిద్దింది దిద్దండి.

10. ప్రతి కార్డు మీదా తేదీ, సాఫ్ట్‌వేర్ వెర్షన్

ఈ వాహనాలు రాత్రికి రాత్రి అప్‌డేట్ అవుతాయి. నిన్న స్వయంగా పక్కకు చేరి ఆగిన బండి, ఇవాళ కొత్త వెర్షన్‌లో ఆపరేటర్ కోసం ఎదురుచూడచ్చు. వర్గం మారిపోతుంది, బయట రంగు కూడా మారదు. అందుకే కార్డును తిరిగి తెరవాల్సిన సందర్భాలు ముందే రాసిపెట్టుకోండి: అప్‌డేట్ వచ్చినప్పుడు, రూటు మారినప్పుడు, రిమోట్ ఆపరేటర్ ఒక్కొక్కరికి అప్పగించిన బండ్ల సంఖ్య పెరిగినప్పుడు, వానాకాలం మొదలయ్యే ముందు, చట్టంలో కొత్త నోటిఫికేషన్ వచ్చినప్పుడు, ప్రపంచంలో ఎక్కడైనా అదే వర్గం వాహనానికి ప్రమాదం జరిగి దర్యాప్తు నివేదిక బయటికొచ్చినప్పుడు. ఒక్కో సందర్భానికీ కార్డు తెరిచే బాధ్యత ఎవరిదో వాళ్ళ పేరు పక్కనే ఉండాలి.